పై గదుల పొగ

కొబ్బరి పీచు కాలే వాసన వంట వాసనలాగా ఉండదు, సాంబ్రాణిలాగానూ ఉండదు. కాస్త తియ్యగా, కాస్త ఘాటుగా ఉండి గొంతులో గరగరలాడుతుంది. మొన్న ఆదివారం పొద్దున బెజవాడ వన్‌టౌన్‌లో కొండ మెట్లమీద, మోకాళ్ళమీద చేతులు ఆనించుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతుంటే, యాభై ఏళ్ళ తర్వాత ఆ వాసన నా ముక్కుకి తగిలింది.

నేను అక్కడికి నా అంతట నేను పోలేదు. కుర్రకారు ఎవరో కలిసి 'పాత ఇళ్ళ నడక' అని ఒకటి పెట్టారట. పటమటలో మా అపార్టుమెంటులో ఉండే అమ్మాయి, "ఆంటీ, మీరు చిన్నప్పుడు ఆ కొండమీదే ఉండేవాళ్ళన్నారు కదండీ" అంటూ ఫోనులో నా పేరు కూడా ఎక్కించేసింది. మొత్తం ఇరవై మందిమి. అందరి చేతుల్లో నీళ్ళ సీసాలు, కొందరి మెడలో కెమెరాలు. ముందు ఒక పాతికేళ్ళ పిల్ల చిన్న మైకు పట్టుకుని ఇంటింటి దగ్గరా ఆగి చెబుతోంది. పాపం బాగానే చదువుకొచ్చింది. మూడిళ్ళు అయ్యాయి. నాలుగో ఇల్లు కనపడకముందే, ఆ పొగవాసనకే నాకు తెలిసిపోయింది, అది మా ఇల్లని.

నన్నడిగితే ఆ కొండమీద ఇళ్ళు చూపించే విద్య మా పెదనాన్నతోనే సరి. ఆయన తర్వాత ఎవరికీ చేతకాదు. ఆ మాట ఒళ్ళు మండుతూనే ఒప్పుకుంటాను.

మేము ఉన్న రోజుల్లో, అంటే డెబ్భైల మొదట్లో, ఆ కొండ ఒక ఊరు. కింద బజారులో బియ్యం బస్తాల లారీలూ, కాలవ ఒడ్డున కట్టెల అడితీలూ, రైలు కూతలూ. వంద మెట్లు ఎక్కేసరికి ఆ రొదంతా కిందే ఉండిపోయేది. ఇల్లుమీద ఇల్లు, కింది ఇంటి డాబా పై ఇంటికి వాకిలి, ఒకళ్ళింట్లో తాలింపు వేస్తే ఇంకోళ్ళింట్లో తుమ్ములు. వైశాఖంలో బెజవాడ ఎండకి ఆ రాళ్ళు కాలి కాలి, పొద్దుగూకాక కూడా చాప పరిస్తే చాప వేడెక్కేది. అప్పుడు కృష్ణమీదనుంచి గాలి ఎప్పుడొస్తుందా అని కొండంతా డాబాలమీద కూచుని ఎదురుచూసేది. మంచినీళ్ళ కుళాయి మెట్ల మొదట్లో ఒకటే. మా అమ్మ నడుమున బిందెతో ఎక్కీ దిగీ ఆ మెట్ల లెక్క నిద్రలో అడిగినా చెప్పేది. దసరా పదిరోజులూ మాత్రం ఆ కష్టమంతా మరిచిపోయేవాళ్ళం. కింద జనం, పైన దీపాలు, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పిండివంట నూనెలో వేగుతూ ఉండేది.

మా పెదనాన్న రిజిస్ట్రారు కచేరీ ఎదురుగా చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. జేబులో రెండు పెన్నులు, చంకలో గొడుగు, వేళ్ళమీద చెరగని సిరా. ఆయన రాత చూసి తీరాలి. అచ్చు కొట్టినట్టుండేది. కొండమీద ఏ ఇల్లు చేతులు మారినా కాగితం ఆయన చేతిమీదుగానే నడిచేది కాబట్టి, ఏ ఇల్లు ఎవరు కట్టారో, ఏ గోడ ఎవరిదో ఆయన నాలుక చివర ఉండేది. ఆయనకి ఇద్దరూ కొడుకులే, ఆడపిల్ల లేదు. అందుకని నేనంటే ప్రాణం. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి మా గుమ్మంలో నిలబడి గొడుగుతో నేలమీద రెండుసార్లు పొడిచి, "ఏమే బుల్లీ, పదవే, మన ఆస్తులు చూసొద్దాం" అనేవాడు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ రెండు పొడుపులకోసం వారమంతా కాచుకుని ఉండేదాన్ని.

అబ్బ, ఎలా చూపించేవాడనుకున్నారు! రంగూన్ టేకు తలుపుల ఇంటిముందు ఆపి, తలుపుకి ముక్కు ఆనించి వాసన చూడమనేవాడు. యుద్ధం రోజుల్లో బర్మానుంచి నడిచొచ్చిన మనిషి, దేశం దాటలేక ఆగిపోయిన తన సొత్తంతా తలుచుకుని ఏడవడానికి, ముందే ఓడలో పంపిన ఆ తలుపు ఒక్కటే మిగిలిందట. రంగుటద్దాల ఇంట్లో సాయంత్రం ఎండ దిగే వేళకి సరిగ్గా తీసికెళ్ళి, నా తెల్ల గౌను ఎర్రగా, పచ్చగా మారుతుంటే చూసి నవ్వేవాడు. ఇంకో ఇంట్లో హాలు నడిమధ్య ఏనుగంత బండరాయి ఉండేది. పగలగొట్టలేక దాని చుట్టూ ఇల్లు కట్టేశారు. ఆ ఇంటి పిల్లలు దానిమీదనుంచి జారీ జారీ అది నున్నగా తేలింది. పండగొస్తే దానికీ పసుపూ కుంకుమా. ప్రతి ఇంట్లోనూ నా చేతిలో ఏదో ఒకటి పడేది, చిమ్మిరుండో, మరమరాల ఉండో, ఏదీ లేకపోతే బెల్లంముక్కో.

బయటికొచ్చాక పరీక్ష. దస్తావేజులో రాసినట్టు ఆ ఇంటి హద్దులు నేను అప్పజెప్పాలి. తూర్పు మెట్లదారి, దక్షిణం ఫలానావారి గోడ, ఉత్తరం ఉమ్మడి నుయ్యి. "పడమర?" అనేవాడు గొడుగెత్తి. "కొండ!" అని అరిచేదాన్ని. మా వైపు ఏ ఇంటికైనా పడమటి హద్దు కొండే. ఆ ఒక్కటీ నేనెప్పుడూ తప్పలేదు.

చివరికి పైన ఒక చదును బండ ఉండేది. అక్కడ కూచుంటే కొండమీద కప్పులన్నీ కిందుగా పరుచుకుని కనిపించేవి, వాటి వెనక బ్యారేజీ, దాని వెనక ఇసక. సాయంత్రం పొయ్యిలు రాజేసే వేళ. అప్పుడు పొగాట. ఏ కప్పులోంచి ఏ పొగ వస్తోందో చూసి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పాలి. పచ్చికట్టెలైతే తెల్లగా, లావుగా. పిడకలైతే నీలంగా, పల్చగా. రంపప్పొట్టు పొయ్యైతే దారంలా సన్నగా. పొగ ఎడతెగకుండా వస్తుంటే చుట్టాలొచ్చినట్టు, ఉన్నట్టుండి ఆగిపోతే అత్తాకోడళ్ళు దెబ్బలాడుకున్నట్టు. నేను చెప్పింది సరైనదైతే, "నీ కళ్ళు కళ్ళు కావే తల్లీ!" అని నా నెత్తిన చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యికోసం నేను ఏదైనా చెప్పేదాన్ని.

ఇక మా ఇల్లు. కింద రెండు వాటాలు, ఒకటి పెదనాన్నది, ఒకటి మాది. మా వాటా అంటే ఒక గదీ, వంటిల్లూ. పైన రెండు గదులు. వెనక గోడ కట్టకుండా కొండరాతినే గోడగా వదిలేశారు. వానాకాలంలో రాతిలోంచి నీళ్ళు చెమ్మగిల్లేవి. ఆ గదుల్లో పై మామ్మ ఉండేది. మా తాతయ్య తమ్ముడి భార్య. పదహారేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మా సొంత మామ్మ పురిటిలో పోతే, పెదనాన్ననీ నాన్ననీ ఆ చేతులమీదే పెంచింది. పెదనాన్నకి పదేళ్ళొచ్చేదాకా అన్నం కలిపి పెట్టింది ఆవిడేనని కొండంతా చెప్పుకునేవాళ్ళు.

తాతయ్య పోయేముందు పెద్దమనుషుల్ని కూచోబెట్టి, పై రెండు గదులూ ఆవిడవేనని కాగితం రాయించాడు. రాసింది పెదనాన్నే. అందులో ఒక మాట ఉంది: ఆమె స్వయముగా వంట చేసుకొనుచు నివసించునంత కాలము. తాతయ్య చెప్పిన మాటేనో, రాసే చేతికి తోచిన మాటో నాకు తెలీదు. ఆ మాట అర్థం మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. పై పొయ్యి వెలిగినన్నాళ్ళు గదులు మామ్మవి. ఆరిన రోజున పెదనాన్నవి.

నాకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి మామ్మ చేతులు పట్టు తప్పాయి. గిన్నె దించబోతే గిన్నె జారేది. ఒకసారి గంజి ఒలికి కాలు బొబ్బలెక్కింది. అప్పట్నుంచి మా అమ్మ పూటపూటా రెండు గిన్నెల క్యారేజీ సర్ది, పైన తువ్వాలు కప్పి, నాచేత పంపేది. "క్యారేజీ మాట ఎవరికీ చెప్పకే. చెప్పావో, మామ్మకి గదులుండవు" అని నా చెవి పట్టుకుని మరీ చెప్పింది. నేను చెప్పలేదు. చచ్చినా చెప్పలేదు. మామ్మ మాత్రం రోజూ సాయంత్రం పొయ్యిలో ఇంత కొబ్బరి పీచు పడేసి అగ్గిపుల్ల గీసేది. వంటా లేదు, పాడూ లేదు, పొగ మాత్రం పెంకుల సందుల్లోంచి దర్జాగా లేచేది. "మీ పెదనాన్న చూసుకోవాలిగా" అని వణుకుతున్న చేతుల్తో నోరు మూసుకుని నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. పొగాటలో పెదనాన్నని గెలుస్తున్నది మామ్మ ఒక్కతే అనిపించేది.

ఆ ఏడు వినాయకచవితికి నాలుగు రోజుల ముందు మామ్మ పొయ్యిలో పిల్లి పిల్లల్ని పెట్టింది. మూడు. రెండు చారలవి, ఒకటి తెల్లది. వెచ్చటి బూడిదలో ఒకదాన్నొకటి అంటుకుని ఉండేవి, కళ్ళు తెరవలేదు. నేను క్యారేజీ దించడం ఆలస్యం, పొయ్యి ముందు బోర్లా పడుకునేదాన్ని. మామ్మ పీచు వెలిగించడం మానేసింది. "వద్దే, ఈ పొగకి పసికూనల కళ్ళు పోతాయి. కళ్ళు తెరవనీ" అంది. నాలుగు రోజులేగా, ఎవరు చూడొచ్చారనుకుంది.

చవితి ఆదివారం పడింది. పొద్దున ఉండ్రాళ్ళూ, కుడుములూ, పాలతాలికలూ. క్యారేజీ ఆ రోజు బరువు. సాయంత్రం గొడుగు రెండు పొడుపులు పొడిచింది. బండ ఎక్కి కూచున్నాం. పండగ కదా, కొండమీద ప్రతి కప్పూ పొగలు కక్కుతోంది. నేను గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను, వాళ్ళింట్లో చుట్టాలు, వీళ్ళింట్లో బూరెలు, వాళ్ళవి తడికట్టెలు. పెదనాన్న వింటున్నాడు. విని, గొడుగు మా ఇంటివైపు తిప్పాడు.

"మరి మన పైగదుల్లో పొగ లేదేమే బుల్లీ? పండగపూట?"

నాకు జవాబు తెలుసు. కొండమొత్తంమీద ఆ జవాబు నా ఒక్కదానికే తెలుసు. క్యారేజీ మాట చెప్పకూడదు, ఆ సంగతి గుర్తుంది. పిల్లిపిల్లల మాట చెప్పకూడదని నాకు ఎవరూ చెప్పలేదు.

"పొయ్యిలో పిల్లి పిల్లల్ని పెట్టింది పెదనాన్నా! మూడు! నాలుగు రోజులైంది!"

ఆయన నా నెత్తిన చెయ్యి వేశాడు. "నీ కళ్ళు కళ్ళు కావే తల్లీ" అన్నాడు. తర్వాత ఎంతో మెల్లిగా, "ఏదీ, నాకు చూపించవూ? తెల్లది నీకే ఇప్పిస్తాలే" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, నా అంతట నేను, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ లాక్కెళ్ళాను. మామ్మ గుమ్మంలో మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక కూలబడింది. పెదనాన్న వంగి పొయ్యిలోకి చూశాడు. ఉట్టికేసి చూశాడు. బియ్యం డబ్బా మూత ఎత్తాడు, దించాడు. గూట్లో మా అమ్మ క్యారేజీ ఉంది, తువ్వాలుతో సహా. "ముద్దొస్తున్నాయి పిన్నీ" అన్నాడు పిల్లిపిల్లల్ని చూపించి. అంతే, వెళ్ళిపోయాడు.

మూడోనాడు పొద్దున మా వాకిట్లో ఇద్దరు పెద్దమనుషులు బల్లమీద కూచున్నారు. పెదనాన్న కాగితం చదివాడు. ఆయన పెద్దకొడుక్కి పెళ్ళి కుదిరింది, కోడలొస్తుంది, గదులు కావాలి. కావాలంటే కావాలని అడగొచ్చు కదా? అడగలేదు. కాగితం చదివాడు. ఒక పెద్దాయన, "ఏమమ్మా, వంట చేసుకుంటున్నావా?" అని అడిగాడు. మామ్మ చేతులు పైటకింద దాచుకుంది. "లేదు నాయనా, చేతులు సహకరించటం లేదు" అంది. అబద్ధమాడొచ్చు. ఆడలేదు.

మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి, తమ్ముడి భార్య బావగారి ఎదుటికి రాకూడని రోజుల్లో, వాకిట్లోకి వచ్చేసింది. "ఆవిడ వండుకోకపోతేనేం బావగారూ, రెండుపూటలా నేను పంపుతున్నాగా. మీకేం భారం?" అంది.

"అదేనమ్మా, నేనూ చెబుతున్నది అదే" అన్నాడు పెదనాన్న, గొంతు పెంచకుండా. "ఆవిడ వండుకోవడం లేదనేగా."

అమ్మ నాన్నవైపు తిరిగింది. నాన్న రైల్వేలో గుమాస్తా. అన్నగారి మాట దాటి ఎరగడు. తన కాలి బొటనవేలికేసి చూసుకుంటూ నిలబడ్డాడు. పెంచిన చేతులు పైటకింద వణుకుతున్నాయి, ఇద్దరు కొడుకుల్లాంటివాళ్ళలో ఒకడు చదివాడు, ఒకడు నేల చూశాడు. కూచిపూడి దాటాక ఒక పల్లెలో మామ్మకి మేనల్లుడు ఉన్నాడు, అక్కడికి పంపుదామన్నారు. మధ్యాహ్నం అమ్మ నన్ను కొట్టలేదు. "క్యారేజీ మాట చెప్పావా?" అని అడిగింది. "లేదమ్మా, ఒట్టు. పిల్లిపిల్లల మాటే చెప్పాను" అన్నాను. అమ్మ నన్ను చూసి చూసి నెత్తి కొట్టుకుంది. అప్పుడర్థమైంది నాకు. 

మామ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక చాపచుట్టతో వెళ్ళిపోయింది. మెట్లు దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నేను తలుపు వెనక దాక్కున్నాను. దాటిపోతూ నన్ను చూసి ఆగింది. "తెల్లదానికి కళ్ళు తెరుచుకున్నాయే, చూశావా?" అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. జుట్టు పట్టుకుని వంగదీసి నాలుగు తగిలించి ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్ని.

సాయంత్రానికి పెదనాన్న మేస్త్రీని పిలిపించి పొయ్యి పగలగొట్టించాడు. పిల్లి ఒక్కోదాన్నీ మెడదగ్గర కరుచుకుని కొండరాళ్ళలోకి తీసుకుపోయింది. తెల్లది నాకు రాలేదు. ఆ తర్వాతి ఆదివారం గొడుగు మళ్ళీ రెండు పొడుపులు పొడిచింది. ఏమీ జరగనట్టు, "పదవే బుల్లీ" అన్నాడు. నేను వెళ్ళాను. ఈ ముక్క ఇప్పటికీ నాకు మింగుడుపడదు, వెళ్ళాను. కానీ బండమీద కూచోబెట్టి ఏ కప్పు చూపించినా "తెలీదు" అన్నాను. "పడమర?" అన్నాడు. "తెలీదు." రెండు వారాలు చూశాడు. మూడో వారం గొడుగు చప్పుడు వినపడలేదు.

కార్తీకంలో పల్లెనుంచి కార్డు వచ్చింది, ఎవరిచేతో రాయించిన కార్డు. పిల్లిపిల్లలు పెరిగాయా, బుల్లి అన్నం సరిగా తింటోందా అని. ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ చదివేది పెదనాన్నే. చదివి, "చూశారా, హాయిగా ఉంది" అన్నాడు. ఎండాకాలం దాటకుండానే మామ్మ పోయింది. పెదనాన్న వెళ్ళి, గుండు చేయించుకుని, పన్నెండు రోజులూ దగ్గరుండి కర్మకాండ జరిపించాడు. కొడుకు కూడా ఇంత చెయ్యడని కొండంతా పొగిడింది.

ఆయనా పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కొడుకులు ఇల్లు అమ్మేసుకున్నారు, కొన్నవాళ్ళు దాన్ని కాఫీ హోటలు చేశారు. మొన్న ఆ పిల్ల మమ్మల్ని పైగదుల్లోకే తీసికెళ్ళింది. కొండరాతి గోడకి లైట్లు పెట్టారు. మూలన ఎర్రమట్టి అలికి, ముగ్గులు వేసిన రెండు కళ్ళ పొయ్యి. అందులో కొబ్బరి పీచు కాలుతోంది. పక్క గోడకి అద్దం బిగించిన కాగితం. దగ్గరికి వెళ్ళనక్కర్లేకపోయింది, ఆ రాత నేను వీధి అవతలనుంచైనా పోల్చగలను.

"ఈ ఇంటి యజమాని తన పిన్నిగారిని ఆఖరిదాకా ఈ గదుల్లోనే కన్నతల్లిలా చూసుకున్నారండీ" అంటోంది ఆ పిల్ల మైకులో. "చూడండి, ఆ రోజుల్లోనే ఒక ఒంటరి ఆడమనిషికి కాగితంమీద హక్కు రాసిచ్చారు. ఇది ఆవిడ పొయ్యే. ఆవిడ గుర్తుగా ఈ పొయ్యిని ఒక్కరోజు కూడా ఆరనివ్వలేదని ఆ కుటుంబంవాళ్ళే చెప్పారు." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల తప్పేముంది, చెప్పినవాళ్ళు చెప్పారు. తర్వాత నావైపు చూసి, "ఆంటీ, మీరిక్కడివాళ్ళే కదండీ, మీకేమైనా తెలుసా?" అంది.

యాభై ఏళ్ళ తర్వాత, అదే పొయ్యి గురించి, మళ్ళీ నన్నే అడిగారు.

"ఇందులో పిల్లి పిల్లల్ని పెట్టింది" అన్నాను.

ఘొల్లుమని నవ్వారు. "సో క్యూట్ ఆంటీ! ఎన్ని?" అంది ఆ పిల్ల.

"మూడు. ఒకటి తెల్లది."

మిగతాది చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా వాళ్ళు ఫోటోలు తీసుకుని అయిదో ఇంటికి కదిలారు. నేనొక్కదాన్నే మిగిలాను. కిటికీలోంచి కప్పులు కనిపిస్తున్నాయి. పెంకులు పోయి అన్నీ సిమెంటు డాబాలు, నల్లటి నీళ్ళ ట్యాంకులు, అందరికీ గ్యాసు పొయ్యిలు. చదును బండ ఉన్నచోట ఏదో టవరు లేచింది. రంగూన్ తలుపుల ఇల్లు లేదు, రంగుటద్దాలు లేవు. కొండ మొత్తంమీద పొగ వస్తున్నది మా పైగదుల్లోంచే. ఇప్పుడూ అక్కడ ఎవరూ వంట చెయ్యటం లేదు.

కింద మెట్లమీదనుంచి "రండి ఆంటీ, లేటవుతోంది" అని కేక. నేను సీసా మూత తీసి, నీళ్ళన్నీ ఆ పొయ్యిలో పోసి, పొగ పూర్తిగా ఆగిందాకా నిలబడి చూసి, అప్పుడు దిగాను.